కండువా కింద

ఫిల్ములో నెత్తురు తెల్లగా ఉంటుంది.
ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అదే నన్ను గాభరా పెట్టింది.
బూడిదరంగు మెదడు మధ్య
వలిచిన వెల్లుల్లి రెబ్బ పెట్టినట్టు.
"ముప్ఫై మిల్లీలీటర్లు" అన్నాడు డాక్టరు.
"అంటే ఎంతమ్మా?" కరీమున్ నన్నడిగింది.
దగ్గుమందు సీసా మూతతో మూడు మూతలు, అన్నాను.
"అంతేనా" అంది. కాస్త తేరుకున్నట్టు కూడా కనపడింది.
మూడు మూతలకే మనిషి కుడివైపంతా
మాట వినకుండా పోయిందని
ఇంకా లెక్క కట్టలేదు.

నాగుల్ మీరా. యాభై రెండేళ్ళు. ఆనందపేట.
మిర్చి యార్డులో ముఠా పని.
తెల్లారగట్ట ఆరో టిక్కీ వీపు మీదికెత్తుకుని
లారీ బల్ల మీద రెండడుగులేసి
"ఎండ ఎక్కువైంది" అన్నాడట, ఎండ రాకముందే.
బీపీ బిళ్ళలు ఆపేసి పద్దెనిమిది రోజులు.
బాగానే ఉందిగా అని ఆపాడు.
అందరూ బాగున్నప్పుడే ఆపుతారు.

నా చేతిలో పద్నాలుగు పేజీలు.
గడియారంలో మిగిలింది నలభై నిమిషాలు.
పేజీలన్నీ తెలుగే,
"యాదృచ్ఛికముగా కేటాయించబడుదురు" అనే తెలుగు.
మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను.
ఇదిగో అక్కా, ఒక సూది ఉంది.
కారే నెత్తురుని ఆపుతుందేమోనని చూస్తున్నారు.
ఆపుతుందని తెలిస్తే అందరికీ వేసేవాళ్ళు, నిన్నడిగేవాళ్ళు కాదు.
సగం మందికి మందు, సగం మందికి ఉప్పునీళ్ళు.
ఎవరికేదో కంప్యూటరు తేలుస్తుంది,
తేల్చి నోరు మూసుకుంటుంది.
డాక్టరుకి తెలియదు, నర్సుకి తెలియదు, నాకూ తెలియదు.
వద్దన్నా మంచం ఇదే, వైద్యం ఇదే.

కరీమున్ చాలాసేపు మాట్లాడలేదు.
చాలాసేపంటే రెండు నిమిషాలు, నేను గడియారం చూస్తూనే ఉన్నాను.
"మా మామ రోజుల్లో యార్డులో బేరం
కండువా కింద వేళ్ళు పట్టుకుని చేసేవాళ్ళు.
ఎన్ని వేళ్ళు నొక్కాడో పైకి కనపడదు.
సరుకు తెచ్చిన రైతు పక్కన నిలబడి
కండువా కదలడం చూస్తా ఉండేవాడు.
అట్టాంటిదేనా?"

అట్టాంటిదే అనబోయాను.
కాదనీ అనబోయాను.
అక్కడ వేళ్ళు కలిపిన ఇద్దరికైనా తెలుసు,
ఇక్కడ ఎవరికీ తెలియదు, అందుకే మోసం లేదు.
అదెలా చెప్పాలో తెలియక తలూపాను.
తలూపకూడదని శిక్షణలో చెప్పారు.

ముచ్చికలు తుంచీ తుంచీ ఆమె బొటనవేలు నున్నబడిపోయింది.
రేషను మిషను దాన్ని ఒప్పుకోదు,
కొడుకు వేలు పెట్టి బియ్యం తెచ్చుకుంటారు.
మా కాయితం ఒప్పుకుంది.
ఊదా మచ్చ ఒకటి, గీతల్లేకుండా.
సాక్షి సంతకం పక్క మంచం వాళ్ళల్లుడు ఏసోబు,
చిలకలూరిపేట, చేతులు కడుక్కొచ్చి మరీ పెట్టాడు.

సూది ఎక్కింది. పదిహేడో నంబరు.

తొంభయ్యో రోజు ఫోను చేస్తే సరిపోతుంది.
కానీ నిన్న పదహారో నంబరుకి చేస్తే
ఎత్తిన పిల్ల "నాన్న ఫోను ఇప్పుడు నాది" అంది.
ఆరు అని రాశాను. ఆ పైన గడి లేదు.
అందుకని ఇవాళ ఆనందపేటకి నడిచే వెళ్ళాను.

ఒకరి సాయం లేకుండా నడుస్తాడా?
గోడ పట్టుకుని.
స్నానం?
చెంబు ఎడంచేత్తో.
పాత పనికి వెళ్తున్నాడా?
కరీమున్ నవ్వింది.

అతను గడప మీద కూచుని
గోతం మూతిని మోకాళ్ళ మధ్య బిగించి
దబ్బనంతో కుడుతున్నాడు, ఎడంచేత్తో.
వంకర కుట్టు. ఒక్కోదానికీ ఊపిరి బిగబట్టి.
మూడో గడా, నాలుగో గడా?
గోడని సాయం కింద లెక్కెయ్యాలా?
మా పుస్తకంలో గోడ గురించి ఏమీ లేదు.

"ఇంతకీ ఏదమ్మా, మందా, నీళ్ళా?"
ఇంకా విప్పలేదక్కా. ఇంకా చాలా ఊళ్ళ మనుషులు పూర్తవ్వాలి.
"విప్పాక చెబుతావా?"
చెబుతానన్నాను.
నా కాంట్రాక్టు మార్చి దాకానే.

నాగుల్ మీరా ఏదో అనబోయి, మాట దొరక్క
దబ్బనం నావైపు చాచాడు, పురికొస ఎక్కించమని.
ఎక్కించాను.
అదే వేలితో దారిలో కన్ను నలుపుకున్నాను.
శంకర్ విలాస్ సెంటర్లో బడి బస్సు పోయేదాకా ఆగి
ఒక కన్ను మూసుకునే
మూడు అని రాశాను.